నల్లగొండ బస్టాండ్ దగ్గర ఉప్పు సోడా: చక్కెర వద్దని రెండుసార్లు చెప్పాలి

ముందే చెప్తున్నా, నాకు కూల్‌డ్రింకులు పడవు. డాక్టర్ మానెయ్యమన్నాడని కాదు, చిన్నప్పటి నుంచీ అంతే. మా వైపు ఎవరింటికి పోయినా మనం కూర్చోకముందే పిల్లాణ్ణి దుకాణానికి ఉరికించి థమ్సప్ తెప్పిస్తారు, వద్దంటే "ఏం, మా ఇంట్ల తాగవా?" అని మొహం ముడుచుకుంటారు, అందుకని నాలుగు గుటకలు మింగి మిగతాది మెల్లగా వాళ్ల పిల్లల వైపే జరపడం నాకు బాగా అలవాటైపోయింది. తాగాక పళ్ల మీద ఆ జిగురు, అరగంటకే మళ్లీ దాహం.

చాలా ఏళ్లు నాకు పడనిది గ్యాస్ అనుకున్నా. కాదని తెలిసింది ఈ బండి దగ్గరే. మే నెల, మిట్టమధ్యాహ్నం, దేవరకొండ బస్సు ఎంతకీ రాలేదు. బండాయన నిమ్మకాయ రెండు చెక్కలూ పిండి, ఉప్పు, కాస్త జీలకర్ర పొడి వేసి పైనుంచి సోడా కొట్టేసరికి నురుగు గ్లాసు దాటి నా చేతి మీద కారింది. ఒక్క గుక్కలో సగం ఖాళీ. ముక్కులోకి ఘాటు, వెంటనే పొడుగాటి తేన్పు. అప్పుడర్థమైంది, నా గొడవంతా చక్కెరతోనే.

మామూలు కోలాల్లో 100 మి.లీ.కి ఇంచుమించు 10 గ్రాముల చక్కెర ఉంటుంది, సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది చూడండి. అంటే 250 మి.లీ. సీసాలో 25 గ్రాములు, చెంచాతో కొలిస్తే ఐదారు. చాయ్‌లో ఎవరైనా ఆరు చెంచాలు వేసిస్తే పారబోస్తాం కదా, మరి ఇందులో ఎందుకు తెలియదంటే, చల్లగా ఉన్నదాంట్లో తీపి నాలుకకు తక్కువగా తగులుతుంది, దానికి తోడు కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం పులుపు ఒకటి. నమ్మకపోతే మూత తీసిన సీసాను ఒక పూట ఎండలో పెట్టి, గ్యాస్ పోయాక ఒక గుక్క తాగండి. పాకమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇలాంటి చక్కెర రోజుకు 25 గ్రాముల లోపుంటే మరీ మంచిదని చెప్పింది. అది ఒక్క సీసాతోనే సరి, ఇక చాయ్‌కి ఏం మిగలదు, చాయ్ వదులుకునే మనిషిని కాను నేను.

బండి సంగతికొస్తే, సోడా 20 రూపాయలు. కాయలు నకిరేకల్ మార్కెట్‌వి అంటాడు, రసం చూస్తే నిజమే అనిపిస్తుంది. ఎండాకాలం నిమ్మకాయ రేటు పెరిగితే మాత్రం రెండు చెక్కలు కాస్తా ఒక చెక్క అవుతుంది, అడిగితే నవ్వుతాడు. గ్లాసులన్నీ ఒకే బకెట్‌లో ముంచి తీస్తాడు, అది చూస్తే తాగబుద్ధి కాదు, నేనైతే పేపర్ గ్లాసు అడుగుతా. నిలబడడానికి నీడ లేదు. సాయంత్రం కాలేజీ పిల్లల గిరాకీ మొదలయ్యాక గ్యాస్ కూడా పలచబడుతుంది, మధ్యాహ్నమే పోవడం మేలు.

అసలు ఇబ్బంది ఆయన చేతి అలవాటు. "అన్నా, చక్కెర వద్దు" అన్నా సరే చెయ్యి పాకం సీసా మీదికే పోతుంది. ఒకసారి పోసేశాడు కూడా, వద్దన్నాను కదా అంటే ఇంకో చిటికెడు ఉప్పేసి "ఇగ సరిపోతది, తాగు" అన్నాడు! పక్కన బత్తాయి రసం బండిదీ అదే తీరు. బత్తాయి తోటలకు పేరున్న జిల్లాలో బత్తాయి రసంలో చక్కెర ఎందుకేస్తారో, మన పెళ్లి విందుల్లో విస్తరి పక్కన కోలా సీసా ఎందుకుంటుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి బకెట్‌కు కోసినా.