ఫిషర్‌కు ఇసబ్‌గోలా, గోరువెచ్చని నీళ్లా?

మలద్వారం దగ్గర చర్మం చీలితే (ఫిషర్) చాలామంది సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. ముందు ఇంట్లో చేసేవి రెండే: టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని కూర్చోవడం, ఇసబ్‌గోల్ (మలాన్ని మెత్తబరిచే పీచు పొట్టు) తాగడం.

నీళ్లలో 10–15 నిమిషాలు కూర్చుంటే బిగుసుకుపోయిన కండరం వదులై, మంట తగ్గుతుంది. విరేచనం అయ్యాక చేస్తే హాయి ఎక్కువ. ఉప్పు, డెటాల్ అక్కర్లేదు, డెటాల్ అయితే మంట పెంచుతుంది కూడా. అయితే మర్నాడు గట్టి మలం వస్తే అదే పుండు మళ్లీ చీలుతుంది.

ఇసబ్‌గోల్ పనిచేసేది అక్కడే. నొప్పికి భయపడి విరేచనం ఆపుకుంటాం, మలం ఇంకా గట్టిపడుతుంది, చీలిక పెరుగుతుంది. ఈ గొలుసును తెంపేది మెత్తటి మలమే. పెద్ద గ్లాసు నీళ్లలో ఒక చెంచా కలిపి, చిక్కబడకముందే తాగాలి. రోజంతా నీళ్లు తగ్గకూడదు, తగ్గితే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, మొదట్లో కడుపు కాస్త ఉబ్బరిస్తుంది. తెల్లన్నంతో పాటు తోటకూర, జామకాయ, జొన్నరొట్టె తింటే ఇంకా మంచిది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను ఇసబ్‌గోల్ అంటాను. వీలైతే రెండూ చేయండి. కొత్త చీలికలు ఎక్కువగా 6–8 వారాల్లో మానతాయి. మానకపోయినా, జ్వరం, చీము, ఎక్కువ రక్తం కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ లాంటి పూతమందులున్నాయి.