లాల్‌బాగా, కబ్బన్ పార్కా? ఊరి నుంచి మనవాళ్లు వస్తే ఏది మేలు?

హిందూపురంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వచ్చే మా వాళ్ల చేతిలో ఉండేది ఒక్క పూటే. సాయంత్రం బండికి వెళ్లిపోవాలి. ఆ పూటకు ఏ పార్కు చూపించాలంటే నేను లాల్‌బాగ్ అంటాను. మా అమ్మకు మాత్రం కబ్బన్ పార్కే ఇష్టం. ఆమె మాటా కొట్టిపారేసేది కాదు.

దారి రెండింటికీ సులువే. బెంగళూరు పెద్ద రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కితే పర్పుల్ లైన్‌లో మూడో స్టేషన్ కబ్బన్ పార్క్, గ్రీన్ లైన్‌లో నాలుగోది లాల్‌బాగ్. కబ్బన్‌లోకి ఊరికే వెళ్లొచ్చు, లాల్‌బాగ్‌కు టికెట్ కొనాలి.

లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. టిప్పు దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. ఇప్పుడది 240 ఎకరాల తోట. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తీరులో కట్టిన గాజు మేడకు 1889లో పునాది పడింది. అందరూ ఫొటోలు దిగేది అక్కడే. నేను మాత్రం మా వాళ్లను ముందు పెద్ద బండ దగ్గరికి తీసుకెళ్తాను. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. పైన, బెంగళూరు నగరాన్ని కట్టించిన కెంపేగౌడ కాలపు చిన్న గోపురం ఉంటుంది. మా నాన్న ఆ బండ మీద అరచెయ్యి ఆనించి, "మన చేను గట్టున ఉండేది ఇదే రాయి కదరా!" అన్నాడు. ఆయన అన్నది నిజమే. ఈ జాతి రాయి మా వైపు నేల కింద కూడా చాలా మేర పరుచుకుని ఉంది. నా మొగ్గు లాల్‌బాగ్ వైపు ఉండటానికి ఆ మాటే పెద్ద కారణం.

అయితే ఎండెక్కితే ఆ బండ మీద నిలబడలేం. చెరువు దాకా నడకా ఎక్కువే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ సగం బండ ఎక్కి ఆగిపోయింది. జనవరి 26కు, ఆగస్టు 15కు జరిగే పూల ప్రదర్శన చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఆ రద్దీలోకి పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. నాకైతే వాళ్లు ఎక్కడ తప్పిపోతారోనని ఒకటే టెన్షన్.

కబ్బన్ 1870లో వేసిన పార్కు. ఎక్కాల్సిన బండ లేదు, కాస్త నడిస్తే చాలు, వెదురు పొదల నీడ దొరుకుతుంది. ఎర్రటి హైకోర్టు భవనం, సెంట్రల్ లైబ్రరీ అక్కడే. పిల్లలుంటే బాలభవన్ ఉంది. మామూలు రోజుల్లో లోపలి రోడ్ల మీద వాహనాలు తిరుగుతాయి, హారన్ల మోత తప్పదు. ఆదివారం వాటిని ఆపేస్తారు. అప్పుడు రోడ్డు మధ్యలోనే నిదానంగా నడవొచ్చు.

ఈసారి అమ్మ ఒక్కతే వస్తోంది. ఆదివారమే రమ్మన్నాను, కబ్బన్‌కే వెళ్తాం.