హైదరాబాద్ కొండాపూర్‌లో ఇల్లు చూస్తున్నారా? ముందు గోడకున్న మేకులు లెక్కపెట్టుకోండి

రాత్రి పదకొండయింది. అట్టపెట్టెలు ఇంకా విప్పలేదు, పాపకి పక్క వేసిన దుప్పటి కూడా డీసీఎం వ్యానులో కట్టిన మూటలోంచి లాగిందే. నిన్న ఖాళీ చేసిన అద్దింటి ఓనర్ మీద కోపం చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నా.

బొటానికల్ గార్డెన్ వైపు నుంచి లోపలికి వస్తే కింద ఇస్త్రీ బండి ఉంటుంది చూడండి, ఆ అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు, తూర్పు వాకిలి డబుల్ బెడ్‌రూమ్. అద్దె ఇళ్ల కోసం అందరం వాడే ఆ యాప్‌లోనే మళ్లీ పెట్టారు, మొన్నటి నుంచి కనిపిస్తోంది. ఓనర్ రిటైరైన పెద్దమనిషి, అందరికీ అంకులే. ఆ లేన్‌లో అద్దెకున్నవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

రెండేళ్లున్నాం. అద్దె 26,000, మెయింటెనెన్స్ 3,000 వేరే, అడ్వాన్స్ రెండు నెలలు, అంటే 52,000. పదకొండు నెలల అగ్రిమెంట్. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలంటారు, అందుకే ఊళ్లో ఎవరిని అడిగినా పదకొండే. అద్దె సగం అకౌంట్‌లో వెయ్యాలి, సగం చేతికివ్వాలి. పాన్ నంబరు అడిగితే "మనలో మనకి అవన్నీ ఎందుకమ్మా" అన్నాడు. ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకి (ఇంటి అద్దె అలవెన్సు మీద పన్ను మినహాయింపుకి) ఓనర్ పాన్ ఇవ్వాలి. అది లేక మూడు లక్షల పైచిలుకు కట్టి లక్షే చూపించుకున్నారు మా ఆయన. 2024 వేసవిలో ఆ చుట్టుపక్కల బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ల డబ్బు కూడా మా వాటా మేమే కట్టాం. సిటీలో ఇవన్నీ మామూలేలే అనుకుని నోరు మూసుకున్నాం. అక్కడే తప్పు చేశాం.

ఏప్రిల్‌లో మెసేజ్ పెట్టాడు, జూన్ నుంచి 32,000 అని. అగ్రిమెంట్‌లో ఉన్నది అయిదు శాతం. అడిగితే "బయట అంతే నడుస్తోంది అమ్మా, మీకు ఇబ్బంది అయితే చెప్పండి" అన్నాడు. ఇబ్బందే. గ్యాస్ బండ, పెట్రోలు, జూన్‌లో స్కూలు ఫీజు, వ్యాను, పుస్తకాలు. జీతం మాత్రం నిరుడు ఎక్కడుందో అక్కడే. బాచుపల్లిలో 19,000కి చూసుకున్నాం. అడ్వాన్స్ 38,000, బ్రోకర్‌కి ఒక నెల అద్దె. పాత అడ్వాన్స్ చేతికొచ్చేదాకా కొత్తాయన ఆగడుగా! రెండు లక్షల చిట్టీ 28,000 వదులుకుని పాడాను. అంకుల్ 52,000 ఇస్తాడు, స్కూలు ఫీజుకి సరిపోతుంది, ఇదీ నా లెక్క. మహా తెలివైన లెక్క.

ఇక నిన్నటి సంగతి.

సామాన్లు దింపేశాం. డీసీఎం కింద ఉంది, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఇల్లు ఊడ్చి, తుడిచి, స్టవ్ గట్టు కూడా సోడా వేసి రుద్ది తాళాలు ఇవ్వబోయాను. ఆయన తాళాలు తీసుకోలేదు. ఫోన్‌లో టార్చ్ వేశాడు. హాల్లో గోడకి దగ్గరగా నిలబడి, మేకు ఉన్నచోటల్లా వేలు ఆనించి "ఒకటి... రెండు..." అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను నవ్వాను. నిజంగా నవ్వాను, సరదాకి చేస్తున్నాడేమో అనుకుని. బెడ్‌రూముల్లోకి వెళ్లాడు, వంటింట్లోకి వెళ్లాడు, బాల్కనీలో బట్టల తీగకి కొట్టినవి కూడా వదల్లేదు. పద్నాలుగు తేల్చాడు. ఒక్కోదానికి 250 అట.

అందులో అయిదు నేను కొట్టించినవి, ఒప్పుకుంటా. మిగిలిన తొమ్మిదీ మేం రాకముందు నుంచీ ఉన్నవే. హాల్లో గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద మేకు అయితే స్వయానా ఆయనదే. మేం దిగిన రోజు ఆంటీ దానికున్న వెంకటేశ్వరస్వామి పటం తీసి, చీర కొంగుతో తుడుచుకుని పట్టుకెళ్లారు. "మేకు ఉండనీ అమ్మా, మీ దేవుణ్ణి పెట్టుకో" అన్నారు. నేను అదే మేకుకి మా అన్నవరం సత్యనారాయణస్వామిని తగిలించాను. రెండేళ్లు దానికే దండం పెట్టాను.

"అంకుల్, ఇది మీ మేకే కదా" అన్నాను.

ఆయన టార్చ్ నా మొహం మీదికి తిప్పి అడిగాడు: "ప్రూఫ్ ఉందా అమ్మా?"

అంతే. గొంతు పెంచలేదు, మొహం మాడ్చుకోలేదు. పాలవాడు నిన్న ఎన్ని పాకెట్లు వేశాడని అడిగినట్టు అడిగాడు. ఆంటీ గుమ్మంలోనే ఉన్నారు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఫ్యాన్ రెక్కలకేసి చూశారు. "మా అమ్మాయి లాంటిదానివి" అని రెండేళ్లు అన్నది ఈయనే. ఆయనకి కంటి ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు మధ్యాహ్నం చారన్నం పంపింది నేనే. సంక్రాంతికి రెండుసార్లు అరిసెలు ఇచ్చాను. రసీదు తీసుకోవడం మర్చిపోయాను మరి.

తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. ముందే రాసుకొచ్చాడండీ, మేకుల లెక్క ఒక్కటే ఖాళీ ఉంచాడు. పెయింటింగ్ 26,000. క్లీనింగ్ 4,500 (సోడా వేసి రుద్దిన గట్టు ఇంకా తడి ఆరలేదు). చిమ్నీ సర్వీసు 2,000. సొసైటీకి ఖాళీ చేసినందుకు 3,000. నీళ్లు 1,200. మేకులు 3,500. మొత్తం 40,200. పోగా 11,800 రావాలి కదా, 11,000 వేశాడు. ఆ 800 ఏమిటంటే కరెంటు బిల్లు వచ్చాక చూసుకుందాం అన్నాడు.

పెయింటింగ్ సంగతి అగ్రిమెంట్ మూడో పేజీలో ఉందని చూపించాడు. ఉంది. "ఖాళీ చేయునప్పుడు పెయింటింగ్ ఖర్చులు" అని ఒక్క ముక్క. నేను బీకాం చదివాను, పేజీకో సంతకం పెట్టాను, ఆ లైను చదవలేదు. మా ఆయన అయితే ఆ రోజు "పెద్దాయన ముందు కూర్చుని ఒక్కో లైనూ చదివితే ఏం బావుంటుంది" అన్నారు. బావుంది, 26,000 అంత బావుంది.

రాత్రి నిద్ర పట్టక వెతికాను. 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టం అని ఒకటి తెచ్చింది. ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని, ఇల్లు అప్పగించిన రోజునే, రావాల్సినవి పట్టుకుని మిగతాది తిరిగి ఇచ్చేయాలని అందులో ఉంది. గోడలకి వెల్ల, తలుపులకి కిటికీలకి రంగులు ఓనర్ చూసుకోవాల్సినవాటిలో రాశారు. కాకపోతే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి ఏడిస్తే "నేను పది నెలల అడ్వాన్స్ కట్టాను అక్కా, నువ్వు అదృష్టవంతురాలివి" అన్నాడు. అదీ ఓదార్పే కాబోలు.

ఇంకా ఉంది. ఇవాళ పొద్దున యాప్ తెరిచాను, ఊరికే, పుండు గోక్కున్నట్టు. మా ఇల్లే. 32,000. "కొత్తగా రంగులు వేసిన ఇల్లు" అని రాశాడు. వాచ్‌మన్ భార్యకి ఫోన్ చేశాను. రంగులేసేవాళ్లు ఎవరూ రాలేదమ్మా, ఎల్లుండి ఎవరో దిగుతున్నారంట అంది. ఫోటోలు జూమ్ చేసి చూస్తే కిటికీకి నా కర్టెన్లు ఉన్నాయి. నీలం మీద తెల్ల పువ్వులు, మోండా మార్కెట్ దగ్గర కొన్నవి. ఏప్రిల్‌లో కుళాయి కారుతోందా అని చూడ్డానికి వచ్చి ఫోన్ పట్టుకుని గదులన్నీ తిరిగాడు, అదన్నమాట! నేను రెండేళ్లు కాపురం చేసి పాడు చేసిన గోడలు, ఆ ఫోటోలో మాత్రం కొత్తగా రంగులు వేసినవి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ప్రూఫ్ ఉందా అన్నాడుగా.

ఎల్లుండి దిగబోయేది మీరే అయితే, ఆగండి. ఇంకెక్కడ దిగుతున్నా సరే, సామాను లోపలికి రాకముందే ఒక్కో గోడా, కుళాయీ, స్విచ్చీ వీడియో తీసి ఆ రోజే ఓనర్‌కి వాట్సాప్ చేయండి. పెయింటింగ్ ఎంతో అంకె రాయించండి. పాన్ ఇవ్వనంటే ఆ ఇల్లు వద్దు. ఆఖరి రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లో పట్టుకోమని ముందే ఒప్పించుకోగలిగితే అంతకంటే ఏం కావాలి, కానీ ఎవరూ ఒప్పుకోరు, నాకు తెలుసు.

ఇది రాస్తుండగానే అంకుల్ నుంచి మెసేజ్ వచ్చింది. పైన గులాబీ పువ్వు, శుభరాత్రి. కింద కరెంటు బిల్లు ఫోటో, 1,140. 800 పోను 340 ఫోన్‌పే చేయమన్నాడు.