రోమ్‌లో చిల్లర దాచుకుని చూసిన బొమ్మలు

రోమ్‌లో ఇటలీ చిత్రకారుడు కరవాజో బొమ్మలు ఆరు, మూడు చర్చిల్లో, టికెట్ లేకుండా చూడొచ్చు. ఖర్చల్లా లైటుకే. పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే కాసేపు వెలుగుతుంది, టప్పున ఆరిపోతుంది. చిల్లర దాచుకుని వెళ్లండి.

మేం దిగింది తెర్మినీ స్టేషన్ దగ్గర. రేటు తక్కువే గానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, సిటీ ట్యాక్స్ విడిగా కట్టించుకున్నారు. అమ్మ మోకాళ్ల సంగతి తలుచుకుంటే, ఇంకాస్త పెట్టి నవోనా చౌక్ వైపు తీసుకోవాల్సింది. రెండు చర్చిలు అక్కడికి నడిచేంత దూరమే.

మొదటిరోజు సాన్ లుయీజీ చర్చికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది, తలుపులు మూసేశారు. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. 1600లో పూర్తయిన ‘మత్తయి పిలుపు’ ఎడమ గోడకుంది. సుంకరి మత్తయిని శిష్యుడిగా రమ్మంటున్న క్రీస్తు కుడి అంచున, మరో శిష్యుడు పేతురు వెనక సగం దాగి, ముఖమూ చెయ్యీ మాత్రమే కనిపిస్తాడు. ఆ చేతి మీదుగా వెలుగు ఏటవాలుగా పన్నులు వసూలు చేసే సుంకరుల బల్ల మీదికి దిగుతుంది. చాపెల్ (చర్చిలో బొమ్మలున్న చిన్న గది) కిటికీ కూడా అటువైపే ఉండటంతో ఆ వెలుగు బొమ్మదో బయటిదో క్షణం తికమకపడ్డాను. బల్ల చివరి కుర్రాడు మాత్రం తలెత్తడు, డబ్బు లెక్క చూసుకుంటూనే ఉంటాడు.

మెట్రోలో ఫ్లామీనియో దిగితే రెండో చర్చి, సాంతా మరియా దెల్ పోపోలో. అక్కడ టూర్ గుంపులు ఇలా వచ్చి అలా పోతున్నాయి. గైడుకి డబ్బు దండగ. చాపెల్ ఇరుకు కాబట్టి రెండు బొమ్మలనీ పక్కనుంచే చూడాలి. ఒకదాంట్లో పేతురుని సిలువెక్కిస్తున్నారు, అలా చూస్తేనే ఆ సిలువ బరువు తెలిసింది. ఎత్తుతున్న ముగ్గురి ముఖాలూ దాదాపు కనపడవు, వీపులూ పిర్రలూ మట్టి పాదమే. ఎదురు గోడ మీద, దేవుడి పిలుపుకి కిందపడి తర్వాత పౌలుగా మారిన సౌలు గుర్రం కాళ్ల దగ్గర వెల్లకిలా, చేతులు చాచి పడి ఉంటాడు. దేవుడి రూపం ఎక్కడా లేదు, బొమ్మంతా గుర్రమే.

ఒక్కటే చూసే టైముంటే నేనైతే మూడో చర్చి సాంత్ అగొస్తీనోకి వెళ్లమంటాను. గుమ్మంలో బిడ్డనెత్తుకున్న మరియమ్మ, ఎదుట మోకరిల్లిన ఇద్దరు ముసలి యాత్రికులు. మగాయన మురికి అరికాళ్లు సరిగ్గా మన ముఖం మీదికే వస్తాయి. అప్పట్లో జనం దీని మీద గోలగోల చేశారట.

“అలిపిరి మెట్లెక్కొచ్చిన కాళ్లలా ఉన్నాయిరా,” అంది అమ్మ. లైటు ఆరిపోయింది. చీకట్లోనే నా వైపు చెయ్యి చాపింది, ఇంకో నాణెం ఇమ్మని.