జామ మొక్కలు కొనేవారికి హెచ్చరిక: కవరు చింపి వేర్లు చూసిన తర్వాతే డబ్బు చెల్లించండి

కందుకూరు, ఉలవపాడు, సింగరాయకొండ వైపు ఇసుక నేలల్లో తైవాన్ జామ వేయాలనుకుంటున్న రైతులు మొక్కలకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. మేము బయటి జిల్లా నర్సరీ నుంచి తెప్పించిన మొక్కలతో పాటే వేరుబుడిపె నులిపురుగు (వేర్లలో దూరి బుడిపెలు కట్టించే అతి సన్నని పురుగు) మా పొలంలోకి వచ్చింది. ఫిర్యాదు నడుస్తున్నందున ఆ నర్సరీ పేరు రాయడం లేదు. పైగా ఇది ఒక్క నర్సరీతో ఆగే వ్యవహారమూ కాదు.

లారీ దిగినప్పుడు మొక్కల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆకు నిగనిగలాడుతోంది, కాండం బలంగా ఉంది. తొలి కాపు సమయానికి మాత్రం అక్కడక్కడా చెట్లు ఎదుగుదల ఆగి, ఆకులు రాగి రంగుకు తిరిగి, డ్రిప్పు కింద నేల తడిగా ఉన్నా మధ్యాహ్నానికి వాడిపోవడం మొదలైంది. ఫోన్ చేస్తే నర్సరీవారు మొదట జింకు లోపమన్నారు, తర్వాత నీరు ఎక్కువైందన్నారు, చివరకు పురుగు మా నేలలోనే ఉందని తేల్చేశారు. వాడిన చెట్టును తవ్వి తీస్తే వేర్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బి, కణుపులు కణుపులుగా ఉన్నాయి; ఒక బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల సన్నని తెల్లటి చుక్కలు మెరిశాయి. అవి ఆడ పురుగులు.

మా నేలలోనే ఉందన్న మాటకు జవాబు మా షెడ్డు పక్కనే దొరికింది. చచ్చిన మొక్కల స్థానంలో వేయడానికని ఉంచిన మొక్కలు ఇంకా నర్సరీ కవర్లలోనే, సిమెంటు గచ్చు మీదే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని విప్పి బకెట్టు నీళ్లలో మట్టి కడిగితే అవే బుడిపెలు కనిపించాయి. ఆ వేర్లను, కవరు మట్టిని పరీక్షకు పంపితే వేరుబుడిపె నులిపురుగేనని నివేదిక వచ్చింది. నాటని మొక్కలు కొన్ని మిగిల్చి ఉంచడం ఇంత పనికొస్తుందని ఎవరూ ముందుగా అనుకోరు.

ఈ పురుగు పిల్ల దశలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొన నుంచి లోపలికి దూరి ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న కణాలను పెద్దవిగా ఉబ్బించి, వాటినుంచే జీవితాంతం ఆహారం పీలుస్తుంది. ఒక్క ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది. మన వేడికి దాదాపు నెల రోజుల్లోనే ఒక తరం పూర్తవుతుంది. ఇసుక నేలల్లో దీనికి కదలడం మరీ సులువు. జామను తీవ్రంగా దెబ్బతీసే మెలాయిడోగైన్ ఎంటెరోలోబీ అనే రకాన్ని 1983లో చైనాలోని హైనాన్ దీవి నుంచి తొలిసారి వర్ణించారు. మన దేశంలో జామ తోటల్లో అది ఉన్నట్టు 2016లో తమిళనాడు నుంచి నివేదించారు. నులిపురుగును తట్టుకుంటాయని చెప్పే టమాట రకాలు కూడా దీనికి లొంగిపోతాయి.

మొక్కల ద్వారా ఈ బెడద పాకడం కాఫీ రైతులు ఏనాడో చూసిందే. 1880ల్లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో ప్రాంతంలో కాఫీ తోటలు ఎండిపోతుంటే కారణం వెతికిన గోల్డి అనే స్విస్ శాస్త్రవేత్తే ఈ పురుగులకు మెలాయిడోగైన్ అనే పేరు పెట్టాడు. పురుగు పట్టిన నారుమొక్కలే దాన్ని కొత్త తోటలకు మోసుకుపోతాయని కాఫీ పరిశోధకులు పదే పదే చెబుతూ వచ్చారు. అక్కడ పురుగు ఉన్న నేలల్లో, దాన్ని తట్టుకునే రోబస్టా కాఫీ వేరుమూలంపై (అంటుకు కింద వేర్లుగా ఉండే మొక్కపై) అరబికా కాఫీ అంటుకట్టి నాటే పద్ధతి ఉంది. మన నర్సరీల్లో అటువంటి వేరుమూలంతో జామ మొక్క అమ్మడం నేను చూడలేదు కాబట్టి, మనకు కొనే రోజున తీసుకునే జాగ్రత్తే ముఖ్యం.

నర్సరీకి వెళ్లినప్పుడు యజమాని చేతికిచ్చిన మొక్కను కాక, వరుస మధ్యలోంచి మీరే కొన్ని తీయించి, అక్కడికక్కడే కవరు చింపి, వేర్లు నీళ్లలో కడిగి చూడండి. చింపిన మొక్కలకు డబ్బు ఇస్తామని ముందే చెబితే పేచీ ఉండదు. వేరుశనగ వేర్లకు బుడిపెలు మామూలేనని, ఇవీ అలాంటివేనని నర్సరీవారు మాకు చెప్పారు. వేరుశనగ బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో గిల్లితే ఊడివస్తుంది. జామ మొక్కల్లో కనిపించేది వేరు తానే ఉబ్బి కట్టిన బుడిపె, గిల్లితే వేరు తెగుతుంది. అసలు వేరుశనగలా సహజంగా బుడిపెలు కట్టడానికి జామ పప్పుజాతి మొక్కే కాదు. కవర్లు మట్టి నేల మీదే పేర్చి, అడుగు చిల్లుల్లోంచి వేర్లు నేలలోకి దిగి ఉంటే వేర్లకు బుడిపెలు కనిపించకపోయినా ఆ మొక్కలు వద్దు, ఎందుకంటే కొత్తగా దూరిన పురుగుకు బుడిపె ఇంకా కట్టి ఉండదు. రిజిస్ట్రేషన్ పత్రం గోడకు వేలాడుతున్నంత మాత్రాన ఆ లోడు వేర్లను ఎవరో చూశారని అర్థం కాదు. బిల్లు మీద రకం పేరు, లోడు తేదీ, వేర్లకు నులిపురుగు లేదన్న మాట రాయించి సంతకం తీసుకోండి. రాయడానికి వెనుకాడితే అక్కడే విషయం తెలిసిపోతుంది.

ఇప్పటికే నాటినవారు వేపపిండి, పర్పురియోసిల్లియం వంటి జీవ శిలీంధ్రాలతో ఉద్ధృతి తగ్గించుకోగలరే గాని, పురుగును పూర్తిగా వదిలించే మందు లేదు. అలా వదిలిస్తామని డబ్బాలు అమ్మేవారిని నమ్మకండి. అనుమానం ఉంటే సన్న వేర్లతో సహా తడి మట్టిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా పరీక్షకు పంపండి, ఎక్కడికి పంపాలో నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగవచ్చు. ఫలితం వచ్చేవరకు ఆ వరుసల మధ్య ఈ పురుగు పట్టే మిరప, వంగ, టమాట వేయకండి; ఆ పొలంలో దిగిన పారలు, గొర్రు, ట్రాక్టరు చక్రాల మట్టి కడిగిన తర్వాతే పక్క పొలంలోకి పంపండి.