రస్సెల్, జోర్డన్, లెబ్రాన్: ఎవరు మేటి?

బాస్కెట్‌బాల్ ఇష్టపడేవాళ్లు నలుగురు కలిస్తే ఈ వాదన మొదలవకుండా ఉండదు. మైకేల్ జోర్డన్ గొప్పా, లెబ్రాన్ జేమ్స్ గొప్పా? జోర్డన్ వైపువాళ్లు ముందుగా చెప్పే లెక్క ఒకటే: అమెరికా లీగ్ ఎన్‌బీఏలో టైటిల్ తేల్చే ఫైనల్స్‌కు ఆరుసార్లు వెళ్లాడు, ఆరూ గెలిచాడు. లెబ్రాన్ పదిసార్లు వెళ్లి నాలుగే గెలిచాడు.

గెలిచిన టైటిళ్లే కొలమానమైతే బిల్ రస్సెల్‌ను ఎలా పక్కనపెడతాం? బోస్టన్ సెల్టిక్స్‌కు 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు గెలిచాడు. చివరి రెండింటికీ ఆటగాడూ అతనే, కోచ్ కూడా అతనే. తాడోపేడో తేల్చే ఏడో మ్యాచ్‌లు పది ఆడితే ఒక్కటీ ఓడలేదు. 1962 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో 30 పాయింట్లు, 40 రీబౌండ్లు (గురితప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం) సాధించాడు.

అప్పట్లో ఎనిమిది జట్లే కదా అంటారు. 1956లో రస్సెల్ వచ్చేసరికి లీగ్‌లో ఉన్నవి ఎనిమిదే, నిజమే. కానీ జట్లు తక్కువైతే మంచి ఆటగాళ్లంతా వాటిలోనే ఉంటారు, విల్ట్ చాంబర్లీన్ లాంటివాడు ఏడాదిలో పదేపదే ఎదురుపడతాడు. 1961-62లో చాంబర్లీన్ మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు చేశాడు. ఇప్పటికీ ఎవరూ దరిచేరలేని రికార్డు అది. ఆ ఏడాది ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు) మాత్రం రస్సెల్‌కే వచ్చింది. అప్పుడు ఓట్లు వేసింది తోటి ఆటగాళ్లే. అతనితో రోజూ తలపడినవాళ్ల తీర్పు కాబట్టి నేను దానికి చాలా విలువ ఇస్తాను.

రస్సెల్‌కు అసలు అన్యాయం చేసింది లెక్కల పుస్తకం. అతని బలం బ్లాక్‌లు. బంతిని ప్రేక్షకుల మీదికి బాదేయకుండా, తన జట్టువాళ్ల చేతికి అందేలా తట్టేవాడు. అంటే అవతలివాళ్ల షాట్ ఆపడమే కాదు, మనవాళ్ల దాడి అక్కడే మొదలయ్యేది. ఎన్‌బీఏ బ్లాక్‌లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌లో. రస్సెల్ 1969లోనే ఆట మానేశాడు.

కరీం అబ్దుల్ జబ్బార్‌ది ఇంకో బాధ. ఆరు టైటిళ్లు, ఎవరికీ లేనన్ని ఆరు ఎంవీపీలు, 38,387 పాయింట్లు. అయినా ఈ వాదనలో అతని పేరు ఎవరూ ముందుగా ఎత్తరు.

ఇక లెబ్రాన్. 2016లో క్లీవ్‌లాండ్ తరఫున ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో 1-3తో వెనకబడ్డాడు. ఎదురుగా ఉన్నది ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్. అక్కడినుంచి మూడు వరసగా గెలిచారు. ఫైనల్స్‌లో 1-3 నుంచి లేచి గెలిచిన మొదటి జట్టు అదే. ఆ సిరీస్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు (తోటివాడి స్కోరుకు దారితీసిన పాస్‌లు), స్టీల్స్ (లాక్కున్న బంతులు), బ్లాక్‌లు అన్నింట్లో రెండు జట్లలోకీ లెబ్రానే ముందున్నాడు. మనకు తెల్లవారుజామున వచ్చిన ఆ ఏడో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఇగ్వోడాలా షాట్‌ను వెనకనుంచి పరుగెత్తుకొచ్చి ఆపిన క్షణం చూసినవాళ్లెవరూ మర్చిపోరు. 2023 ఫిబ్రవరిలో కరీం పాయింట్ల రికార్డునూ దాటేశాడు.

పది ఫైనల్స్‌కు వెళ్లి ఆరు ఓడాడని అతన్ని తక్కువ చేయడం నాకు నచ్చదు. 1988 నుంచి 1990 దాకా జోర్డన్ జట్టు వరసగా మూడేళ్లు డెట్రాయిట్ చేతిలో, ఫైనల్స్‌కు ముందే ఓడింది. ముందే ఓడినవాడికి లేని తప్పు చివరిదాకా వెళ్లి ఓడినవాడికి ఎందుకు అంటగట్టాలి? లెబ్రాన్ మీద నిజంగా నిలబడే ఫిర్యాదు ఒక్కటే: 2011 ఫైనల్స్‌లో డల్లాస్ మీద సగటున 17.8 పాయింట్లు. అవసరమైన చోట అతను వెనక్కి తగ్గాడు.

జోర్డన్ కాలంలో డిఫెండర్లు చేత్తో ఆపి నెట్టేవారు, ఇప్పుడు అలా చేస్తే ఫౌల్ అంటారు. అదీ నిజమే, కానీ జోన్ డిఫెన్స్‌కు (ఒక్కో ఆటగాడిని కాకుండా కోర్టులో ఒక్కో చోటును కాపాడటానికి) అనుమతి వచ్చింది 2001-02లో. అంతకుముందు ఒక్కడి మీద ఒక్కడే నిలవాల్సి రావడం జోర్డన్‌కు కలిసొచ్చింది. నిబంధనల వాదన రెండు వైపులా సమానంగా కోస్తుంది, దాన్ని వదిలేయొచ్చు.

ఇరవై ఏళ్లకు జట్టు కట్టమంటే నేను లెబ్రాన్‌ను తీసుకుంటాను. అత్యుత్తమ దశలో ఎవరు మేటి అంటే జోర్డన్ పేరే చెబుతాను, ఆరు టైటిళ్లను చూసి మాత్రం కాదు. 1987-88లో సగటున 35 పాయింట్లతో లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు, అదే సీజన్‌లో ఉత్తమ డిఫెండర్ అవార్డు కూడా అతనిదే. రస్సెల్‌ది ప్రధానంగా డిఫెన్స్. లెబ్రాన్ రెండూ చేయగలడు గానీ ఉత్తమ డిఫెండర్ అవార్డు ఒక్కసారీ రాలేదు.

1998 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి 40 సెకన్లు చూడండి. ప్రత్యర్థి యూటా మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. జోర్డన్ దూసుకెళ్లి రెండు పాయింట్లు చేశాడు. వెనక్కి పరుగెత్తి యూటా ఆటగాడు కార్ల్ మలోన్ చేతిలోంచి బంతి లాగేసుకున్నాడు. టైమౌట్ అడగలేదు. బంతిని అవతలికి తానే తీసుకెళ్లి, 5.2 సెకన్లుండగా షాట్ వేశాడు. 87-86.