వేడి ఇంజన్ చూసి పాత బండి కొనకండి: నాకు పెట్రోల్ లీక్ అలాగే దాచి అమ్మారు

పాత పెట్రోల్ కారు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఇది చదివి వెళ్లండి. సరిగ్గా చూసుకోకుండా కొని, రెండు నెలల పాటు పెట్రోల్ కారుతున్న బండిలో మా పిల్లవాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తిరిగాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అమ్మినాయన పేరు రాయను. ఆయన చేసిన పని మాత్రం రాస్తాను, ఎందుకంటే మీకు అమ్మేవాళ్లూ అదే చేయొచ్చు. నేను వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది. "మీరొస్తున్నారని ఇప్పుడే కడిగించి తెచ్చానండి" అన్నాడు. బానెట్ ఎత్తితే లోపలంతా తళతళలాడుతోంది. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, నాలుగు వీధులు తిప్పితే పికప్ బాగుంది. ఒక్కటే తేడాగా అనిపించింది. ఎంతసేపైనా ఆర్పీఎం ముల్లు (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది) 1100 దిగలేదు. అడిగితే "పాత బండికి అంతేనండి" అన్నాడు, నేనూ ఊరుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను. బాగా వేడెక్కిన నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ మామూలుగా 700 నుంచి 900 మధ్యలో నిలకడగా తిరగాలి. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరిగేటప్పుడు, వణుకుతున్న ఇంజన్‌కి స్క్రూ తిప్పి వేగం పెంచేస్తే ఆ వణుకు కనబడకుండా పోతుంది. నా బండికి చేసింది అదే.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే స్టీరింగ్, సీటు, లోపలి అద్దం అన్నీ గజగజ వణికాయి. ఐదారు నిమిషాలకు సర్దుకుంది. రాత్రంతా చల్లబడింది కదా, అందుకేనేమో అనుకున్నాను. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఏసీ గాలితో పాటు సన్నగా ఒక వాసన. నేను దానికి అలవాటు పడిపోయాను. ఒకరోజు వెనక సీట్లో నిద్రపోతున్న మావాడు కళ్లు తెరవకుండానే "నాన్నా, బంకు వచ్చిందా?" అన్నాడు. దగ్గర్లో బంకే లేదు.

మొదట చూపించిన మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఇగ్నిషన్ కాయిల్ మార్చాడు, ఇంజన్‌లోకి గాలి వదిలే త్రాటిల్ బాడీ కడిగాడు. ప్రతిసారీ బండి ఆయన దగ్గరికి వెళ్లేది వేడెక్కాకే. వాసన సంగతి చెబితే "పాత బండి కదా" అన్నాడు. వాసన వేరు, వణుకు వేరు అనుకుని ఇద్దరం రెండో దాని వెంటే పడ్డాం. అవి రెండూ ఒక్కచోటి నుంచే వస్తున్నాయని పట్టుకున్నది రెండో మెకానిక్. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: "బండి రాత్రి నా దగ్గర వదలండి, పొద్దున నేను చూసేదాకా ఎవరూ స్టార్ట్ చేయకూడదు."

పొద్దున వెళ్లాను. ఇంజన్ ఆన్ చేయలేదు, తాళం మాత్రం తిప్పి వదిలాడు. ట్యాంకులోని పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమని ఆగింది. ఇంజెక్షన్ బండ్లలో, అంటే ఇంజెక్టర్లనే చిన్న ముక్కులతో పెట్రోల్ చిమ్మే బండ్లలో, స్టార్ట్ చేయకముందే పైపుల్లో ప్రెషర్ నిండేది అప్పుడే, చాలా బండ్లలో 3 బార్ దాకా ఉంటుంది. అలా రెండు మూడుసార్లు చేసి, టార్చి వేసి రెండో ఇంజెక్టర్ చూపించాడు. దాని మెడ చుట్టూ చెమట పట్టినట్టు తడి. చూస్తుండగానే ఒక చుక్క కట్టి కిందికి జారింది. టిష్యూ ముక్కతో అద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. అసలు సిసలు పెట్రోల్. దానికి సరిగ్గా కిందే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఉంది, అందులో నిప్పురవ్వలు పుట్టొచ్చు. పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు, గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది.

ఇంకోటి చూపించాడు. కడిగించి తెచ్చిన ఇంజన్ మీద ఈ రెండు నెలల్లో దుమ్ము పేరుకుంది. ఆ ఇంజెక్టర్ కింద మాత్రం బొటనవేలంత మేర శుభ్రంగా ఉంది, చుట్టూ పసుపు గోధుమ రంగు మరక. కారే పెట్రోల్ దుమ్మును కడిగేస్తుంది, ఆరిపోయాక ఆ మరక మిగులుతుంది. కొనేముందు ఇంజన్ కడిగించకుండా ఉండి ఉంటే ఇది నాకే కనబడేది. పక్కనే ఎవరో పూసిన ఎపాక్సీ జిగురు ముద్ద కూడా ఉంది. అంటే లీక్ సంగతి ముందే తెలుసు.

కారణం చిన్న రబ్బరు రింగులు. ఇంజెక్టర్‌కి పైన ఒక ఓ రింగ్, కింద ఒకటి ఉంటాయి. పైది పోతే పెట్రోల్ బయటికి కారుతుంది. కిందది పోతే ఇంజన్ అక్కడినుంచి లెక్కలో లేని గాలి లాక్కుంటుంది, ఆ సిలిండర్‌కి పెట్రోల్ వంతు తగ్గి మిస్ ఫైర్ అవుతుంది, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా మండదు. ఐడ్లింగ్‌లో లోపలికి వెళ్లే గాలే తక్కువ కాబట్టి ఈ దొంగ గాలి ప్రభావం ఎక్కువ. వేగం పెంచితే ఆ తేడా తెలియదు. వేడెక్కితే రబ్బరు కాస్త ఉబ్బి రెండు లీకులూ చాలావరకు మూసుకుంటాయి. అందుకే వేడి ఇంజన్‌లో నాకేమీ దొరకలేదు. పాత రింగు తీసి నా చేతికిచ్చాడు. గోటితో నొక్కితే నొక్కుకుపోవాల్సింది, గాజులా పుటుక్కున విరిగింది.

కాబట్టి మీరు చూడటానికి వెళ్లేముందు ఫోన్‌లోనే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి తిరిగి వచ్చేయండి, మొహమాటపడకండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా ఒకసారి చూడాలి. ట్యాంకు పైన పంపు బిగించే చోట సీలు పోతే సగం ట్యాంకుతో తెలియదు, ఫుల్ చేసి మలుపు తిప్పితేనే వాసన వస్తుంది. రబ్బరు పెట్రోల్ పైపులను కొద్దిగా వంచి చూడండి, బీటలు కనబడితే మార్చాల్సిందే. ఇంజెక్షన్ బండికి, తక్కువ ప్రెషర్‌తో నడిచే పాతరకం కార్బురేటర్ బండి పైపు తగిలించి ఉంటే ఆ బండి జోలికే వెళ్లకండి, అది ఆ ప్రెషర్‌కి తట్టుకోదు. ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా ఉంటే ఏదో ఇంజెక్టర్ లోపలికి కారుతోందని అనుమానించాలి.

ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే చోటు) ఉన్న బండైతే స్కానర్ పెట్టించండి. లోపాలు చూపే కోడ్‌లు లేవని సంబరపడొద్దు, ముందురోజే చెరిపేసి ఉండొచ్చు. బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు చాలావరకు "నాట్ రెడీ" అని చూపిస్తే ఈమధ్యే చెరిపారని, లేదా బ్యాటరీ తీసి పెట్టారని అర్థం. నా బండిలో చెరిపిన పి0302 కోడ్, అంటే రెండో సిలిండర్ మిస్ ఫైర్, కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండ్లలో ఫ్యూయెల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె) ఐడ్లింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి వస్తే గాలి లీకే అనుకోవచ్చు.

ఇప్పటికే కొనేసి, వాసన వస్తున్నవాళ్లు ఉంటే ఇవాళే బండి ఆపేయండి. మూసిన షెడ్డులో వద్దు, గాలి ఆడే చోట పెట్టి మెకానిక్‌నే రప్పించండి. గాలి లీక్ పట్టుకోవడానికి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే (అదీ భగ్గున మండేదే) కొట్టే అలవాటు చాలామందికి ఉంది. పెట్రోల్ కారుతున్న బండి మీద దాన్ని ఎవరినీ కొట్టనివ్వకండి. విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ ఆగేదాకా నడిపి ప్రెషర్ దించమనండి, బ్యాటరీ నెగెటివ్ తీయించండి. రింగులు ఒక్కటి కాదు, అన్ని ఇంజెక్టర్లకీ పైవీ కిందివీ పూర్తి సెట్టు వేయించి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద మళ్లీ టార్చి వేసి చూశాకే ఇంట్లోవాళ్లను ఎక్కించుకోండి.